బండలు చెప్పిన అబద్ధం

పసిబిడ్డకు చెవులు వినపడతాయో లేదో చూడాలంటే మా ఇళ్లలో స్టీలు తట్ట, అన్నం తినే పళ్లెం, కింద పడేస్తారు. బిడ్డ ఉలిక్కిపడి వెనక్కి తిరిగితే వినపడినట్టు. మా అవ్వ మా అమ్మను అలాగే చూసిందట. మా అమ్మ నన్నూ అలాగే చూసింది, నా కూతుర్నీ అలాగే చూసింది. నా కూతురు ప్రతిసారీ తిరిగింది. తట్ట పడిన వైపుకే, సరిగ్గా, కళ్లు పెద్దవి చేసుకుని తిరిగింది. అందుకే రెండేళ్లు నిండినా ఒక్క మాట రాకపోతే మా ఇంట్లో నాలుక గురించి మాట్లాడుకున్నారు, దిష్టి గురించి మాట్లాడుకున్నారు, చెవుల ఊసు ఎవరూ ఎత్తలేదు.

నన్ను మా మేనమామకు ఇచ్చారు. అమ్మ సొంత తమ్ముడు. మా వైపు ఇది వింత కాదు. భూమి చీలిపోదు, పిల్ల కళ్ల ముందే ఉంటుంది. నా పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య ఒక్క గోడ, ఆ గోడలో మనిషి పట్టేంత సందు. వరస ప్రకారం మా అమ్మ నాకు ఆడబిడ్డ కూడా. అలిగి పుట్టింటికి పోదామంటే అక్కడ ఉండేది ఆయన అక్కే. పెళ్లయిన కొత్తలో ఈ మాట చెప్పుకుని నేనూ మామా నవ్వుకునేవాళ్లం.

నన్ను చదివే మనిషిని చేసింది కూడా మామే. నాకు బడి పదో తరగతితో ఆగిపోయింది. అంతకు చాలా ముందే, చిన్నప్పుడు, సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని మండలంలో ఉన్న శాఖా గ్రంథాలయానికి తీసుకుపోయేవాడు. ఒకే గది, రెండు బీరువాలు, ఒక పొడవాటి బల్ల. మగవాళ్లు పేపరు కోసం వచ్చేవాళ్లు. బీరువాల దగ్గరికి పోయేది నేనొక్కదాన్నే. పెళ్లయ్యాక కూడా మానలేదు. ఆ గదిలో అట్టలున్న పుస్తకాలన్నీ చదివాను, అట్టలు లేనివీ కొన్ని చదివాను. వ్యవసాయం, గ్రహాలు, ప్రపంచ యుద్ధాలు, పాడి పశువుల రోగాలు. ఎద్దుకు కడుపు ఉబ్బితే ఊళ్లో మగవాళ్లు నన్ను అడిగి పోయిన రోజులున్నాయి. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

అక్కడే పిల్లల పెంపకం మీద ఒక పుస్తకం దొరికింది. కూతురికి అప్పుడు ఏడాదిన్నర. తొంభైలు ముగుస్తున్న రోజులు. బిడ్డ తొలి పుట్టినరోజు నాటికి పేరు పిలిస్తే తిరగాలని, ఏడాదిన్నరకు కొన్ని మాటలైనా రావాలని, రెండేళ్లకు రెండు మాటలు కలిపి ‘అమ్మా పాలు’ అన్నట్టుగా అడగాలని అందులో రాసి ఉంది. అలా జరగకపోతే ‘వాడే నేర్చుకుంటాడులే’ అని ఎదురుచూడొద్దని, ముందుగా వినికిడి పరీక్ష చేయించాలని ఉంది. ఇంకో వాక్యం నన్ను చాలా రోజులు వదల్లేదు. వినపడని బిడ్డ కూడా మొదట్లో అందరి బిడ్డల్లాగే కూనిరాగాలు తీస్తుందట. తన గొంతు తనకే తిరిగి రాకపోవడంతో మెల్లగా మానేస్తుందట.

నా బిడ్డ అలాగే మానేసింది. ఉయ్యాలలో ఉన్నప్పుడు ఊ అంది, ఆ అంది, బబ్బబ్బ అంది. ఏడాది దగ్గరపడేసరికి నిశ్శబ్దమైపోయింది. వచ్చినవాళ్లంతా ఎంత శాంతమైన పిల్లో అన్నారు. వేరుశనగ వొలిచే చెనక్కాయల మిషను గుడగుడమని ఆడుతుంటే పక్కనే నిద్రపోయేది.

అమ్మకు పుస్తకం చదివి వినిపించాను.

“తట్ట పడేస్తే తిరగతాంది కదమ్మే. నీ పుస్తకము గొప్పదా, నా తట్ట గొప్పదా?” అంది.

తట్టే గెలిచింది. కళ్ల ముందు బిడ్డ తిరుగుతుంటే నేనేం చెప్పగలను? వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసింది అమ్మ. చిలక కొరికిన జామకాయ ఎక్కడో సంపాదించి తినిపించింది. నా కూతురు జామకాయ తిని, ఇంకొకటి కావాలని చెయ్యి చాపింది. మాట మాత్రం రాలేదు.

రెండేళ్లు నిండినప్పుడు నేను పట్టుబట్టాను. అనంతపురం తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించాల్సిందే అన్నాను. అప్పటికి నేను రెండో కాన్పు అయి పచ్చి బాలింతను, గడప దాటే వీల్లేదు. అమ్మా మామా కలిసి తీసుకుపోయారు. తెల్లారి మొదటి బస్సుకు పోయి, పొద్దు వాలేటప్పటికి వచ్చారు. మామ చేతిలో ఎర్రటి టానిక్కు సీసా ఉంది. మంచం మీద నుంచే అడిగాను.

“ఏమన్నాడు మామా?”

“ఏమీ లేదంట. కొందరికి ఆలస్యంగా వస్తాయంట. నాలుగేండ్లకంతా గడగడా మాట్లాడతాదంట.”

“చెవులు చూసినాడా?”

మామ సీసా గూట్లో పెడుతూ ఉన్నాడు. అటు తిరిగే చెప్పాడు. “అన్నీ చూసినాడు. నీ పుస్తకంలో గూడా ఉండాది కదా, పిల్లోళ్లందరూ ఒగే మాదిరి ఉండరని.”

నిజమే, ఆ పుస్తకంలో అది కూడా ఉంది. నేను మాత్రమే చదివిన పుస్తకంలోంచి, నేనే ఒకప్పుడు ఆయనకు చెప్పిన వాక్యం తీసి ఆయన నా ముందు పెట్టాడు. అమ్మ వెనకే నిలబడి బిడ్డ జడ విప్పుతోంది.

“ఇంగ పుస్తకాలు పక్కన పెట్టి పాలు తాగు. బాలింత కండ్లకు మంచిది గాదు,” అంది.

నేను నమ్మాను. డాక్టరు చెప్పాడన్నాక నమ్మక ఏం చేస్తాను? పుస్తకం కంటే డాక్టరు పెద్ద అని కూడా నాకు పుస్తకాలే నేర్పాయి. రోజూ పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా ఆ ఎర్రటి మందు పోశాను. సీసా అయిపోతే మామ ఇంకొకటి తెచ్చేవాడు. పిల్ల బొద్దుగా అయింది. నోరు విప్పలేదు. కావాల్సింది చెయ్యి పట్టి లాక్కుపోయి చూపించేది. చూపించింది నాకు అర్థం కాకపోతే నేల మీద పడి తల కొట్టుకునేది. చూసినవాళ్లు మొండిపిల్ల అన్నారు. శాంతమైన పిల్ల మొండిపిల్ల అయింది.

మరుసటి ఎండాకాలం, విత్తనాల కోసం చెనక్కాయలు వొలిచే రోజులు. పెరట్లో వేపచెట్టు నీడన కూలి ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయలు చిదుముతున్నారు. పొట్టు కుప్ప మనిషి నడుము ఎత్తు ఉంది. నా కూతురు ఆ కుప్ప మీద మాకు వీపు పెట్టి కూర్చుని, పొట్టు దోసిళ్లతో ఎత్తి పోసుకుంటూ ఆడుకుంటోంది. నీళ్లు తెస్తున్న ఒకామె చెయ్యి జారి బిందె పడింది. గచ్చు తొట్టికి తగిలి, ఖంగుమని మోగి, దొర్లుకుంటూ పోయింది. కుక్క లేచి పరుగెత్తింది. ఉయ్యాలలో నా చిన్నవాడు గుక్కపట్టి ఏడ్చాడు. అందరూ ఒక్కసారిగా నవ్వారు, ఆమెను తిట్టారు.

“బిందె సొట్టపోతే మీ ఆయప్పను అమ్మి కట్టాల్సొస్తాది సూడు!”

“ఆయప్పను ఎవరు కొంటారక్కా, వొట్టి పొట్టు!”

ఇంత గోలలో నా కూతురు తల తిప్పలేదు. దోసిలి ఎత్తింది, పోసింది. మళ్లీ ఎత్తింది.

నేను కాయలు వదిలేసి లేచాను. ఇంట్లోకి పోయి తట్టా గరిటా తెచ్చి, దాని వెనక నిలబడి గట్టిగా కొట్టాను. తిరగలేదు. పేరు పెట్టి అరిచాను. తిరగలేదు. ఆడవాళ్లంతా చేతులు ఆపి నన్ను చూస్తున్నారు. పిల్లను ఎత్తుకుని పడసాలలోకి తీసుకుపోయి, నాపరాళ్ల బండల మీద కూర్చోబెట్టాను. వెనక్కి జరిగాను. తట్ట పడేయలేదు. చప్పుడు లేకుండా, ఒట్టి మడమతో బండ మీద ఒక్క తొక్కు తొక్కాను.

నా కూతురు తిరిగింది. కళ్లు పెద్దవి చేసుకుని, సరిగ్గా నా వైపు తిరిగింది.

మా ఇంటి బండలు ఒకదానికొకటి ఆనించి పరిచినవి. ఒక మూల ఏం పడినా అదురు ఇంకో మూలకు పోతుంది. ఇన్నేళ్లూ దానికి అందింది ఆ అదురు. తట్ట మోత కాదు. పొట్టు కుప్ప మెత్తగా ఉండి ఏ అదురునూ రానివ్వలేదు కాబట్టి నిజం తెలిసింది. ఎప్పుడో చదివిన ఒక సైన్సు పుస్తకంలో పాముకు చెవులు లేవని, నేల అదురుతోనే కనిపెడుతుందని ఉంది. పాము సంగతి తెలిసిన నాకు నా బిడ్డ సంగతి ఆ బండ చెప్పేదాకా తెలియలేదు.

అమ్మ సందులోంచి వస్తూ ఇదంతా చూసింది. మామ పశువులను కట్టేసే గాటిపాట దగ్గర ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు. నేను పిల్లను చంకనేసుకుని అక్కడికే పోయాను.

“మామా, పిల్లకు వినపడదు. ఆ డాక్టరు సరిగ్గా చూళ్లేదు. రేపే మళ్లీ పోదాం. ఆ డాక్టరు దగ్గరికే పోయి అడగల్ల, ఏం చూసినావని.”

మామ బక్కెట్టు దించలేదు, ఎత్తలేదు. అమ్మ నా వెనకే వచ్చింది.

“మెల్లగా మాట్లాడు మే. కూలోళ్లు ఉండారు.”

“ఉంటే ఉండనీ. వాళ్లూ చూసినారు.”

“చూస్తే రేపటికి ఊరంతా చెవిటిది అంటారు. నీ తమ్మునికి పెండ్లి పెట్టుకోని ఉండాము. మీ పెద్దమామ ఈ మాట ఇంటే తన కూతుర్ని ఇస్తాడా? రక్తంలోనే ఉండాది అంటాడు.”

తమ్ముడికి మా పెద్దమేనమామ కూతుర్ని అనుకున్నారు. మళ్లీ అదే ఇంట్లోంచి అదే ఇంట్లోకి.

“తమ్ముని పెండ్లికీ నా బిడ్డ చెవులకూ ఏమి సంబంధం?”

“ఏమి సంబంధమా? ఆ డాక్టరు గూడా నీ మాదిరే అనె. మేనరికమా, మేనరికమా అని నన్నే అడిగె. చెవుల్లో మిషను పెట్టాలంట, బళ్లారికి పోవాలంట, ఇప్పుడే పోవాలంట. ఆడపిల్లకు చెవుల్లో మిషను పెట్టి ఊళ్లో తిప్పుతావా? పెండ్లి అయిపోనీ, ఆ పైన చూద్దాం అనుకొంటిమి.”

అని ఆగిపోయింది. అన్న మాట తనకే వినపడినట్టు చేత్తో నోరు మూసుకుంది.

నేను మామ వైపు చూశాను. ఆయన ఎద్దు మెడ నిమురుతున్నాడు.

“డాక్టరు చెప్పినాడా మామా?”

“అక్క వద్దనె,” అన్నాడు.

అంతే అన్నాడు. నన్ను సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పుస్తకాల దగ్గరికి తీసుకుపోయిన మనిషి, పుస్తకంలో ఉన్నదే డాక్టరు నోట విని, ఇంటికొచ్చి నా మొహం చూడకుండా గూట్లో సీసా పెట్టిన మనిషి. నేను రోజూ రెండు పూటలా చెంచాతో పోసింది మందు కాదు, వాళ్లిద్దరి మాట. అది తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో ఆ తీపి వస్తుంది. బిడ్డకు పోసే ముందు నేనొక చుక్క నాలుక మీద వేసుకుని చూసేదాన్ని, చేదుగా ఉందేమోనని.

ఏ ఇంటికి పోను? సందు దాటితే అమ్మ. ఇవతలుంటే అమ్మ తమ్ముడు. ఒకప్పుడు నవ్వుకున్న మాట అది.

మరునాడు చిన్నవాణ్ణి చంకనేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని బళ్లారి బస్సు ఎక్కాను. బస్సు కదిలేటప్పుడు మామ వెనక తలుపు పట్టుకుని ఎక్కి చివరి సీట్లో కూర్చున్నాడు. నేను తిరిగి చూడలేదు. కండక్టరు మా ఊళ్లో అందరికీ తెలిసినవాడే.

“ఏమప్పా, ఆయమ్మ ముందర, నువ్వు ఎనక! పెండ్లాము అలిగిందా, నువ్వు అలిగినావా?”

“టిక్కెట్టు కొట్టన్నా, ఆయమ్మది గూడా,” అన్నాడు మామ.

“దుడ్లు నీవి, కిటికీ ఆయమ్మది. మంచి సంసారమే!”

బస్సంతా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా, అందరి మొహాలూ చూసి నా కూతురు కూడా నవ్వింది.

బళ్లారిలో వినికిడి పరీక్ష చేసిన డాక్టరమ్మ కన్నడం కలిసిన తెలుగు మాట్లాడింది. తలుపులు మందంగా ఉన్న గదిలో పిల్లను నా ఒళ్లో కూర్చోబెట్టించి రకరకాల చప్పుళ్లు వినిపించింది. బయటికొచ్చాక చాలా నిదానంగా చెప్పింది. వినికిడి పూర్తిగా పోలేదని, మిగిలినదానితో మిషను పెడితే మాటలు నేర్పొచ్చని, కానీ మాట నేర్చుకోవడానికి తొలి మూడేళ్లు బంగారమని. మేనరికమే కారణమని గట్టిగా చెప్పలేమని కూడా అంది. అది విని పొంగిపోవడానికి అమ్మ అక్కడ లేదు.

“మాటలు రాలేదంటే మొదట చెవి తోరించాలమ్మా, చూపించాలమ్మా. ఏడాదికే తోరించొచ్చు, ఇంకా ముందే తోరించొచ్చు. ఇన్ని దినాలు ఏం చేసినారు?”

ఆ ప్రశ్న ఆమె నన్నే అడిగింది. అలాంటి ప్రశ్న తల్లినే అడుగుతారు. మామ పక్కనే ఉన్నాడు. ఆయన నోరు తెరుస్తాడేమోనని ఆయన వైపు చూశాను. ఆయన నేల మీది బండలు చూస్తున్నాడు.

“తెలీలేదు,” అన్నాను. అది నిజమే. నాకు తెలియలేదు.

పిల్ల రెండు చెవులకూ మిషన్లు వచ్చాయి. మొదటి రోజు పెట్టగానే పీకేసింది. రెండో రోజు పీకేసింది. ఒక వారానికి, నేను అద్దం ముందు కూర్చోబెట్టుకుని ‘అమ్మ’ అంటుంటే నా గొంతు మీద చెయ్యి పెట్టి, తర్వాత తన గొంతు మీద పెట్టుకుని చూసుకుంది. గ్రంథాలయం పుస్తకాలన్నీ దాని ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా చదివాను. ఎవరూ చదవని ఎరువుల పుస్తకం కూడా చదివాను. దానికి ఏదైనా ఒకటే. నా గొంతు కావాలి.

తమ్ముడి పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. ముందు రోజు అమ్మ సందులోంచి వచ్చి, “రేపొక్క రోజు మిషను తీసెయ్‌మ్మే,” అంది. పొద్దున పిల్లకు రెండు జడలు వేసి, చెవులు బాగా కనపడేలా పైకి కట్టాను. పందిట్లో మా పెద్దమామ దాన్ని ఎత్తుకుని మిషను చూశాడు.

“ఏందే పాపా ఇది, రేడియోనా? ఏ స్టేషను వస్తాది?” అన్నాడు.

“దానికి వినపడదు పెద్దమామా. ఇది పెడితే వినపడతాది,” అన్నాను, అమ్మకు వినపడేలా.

“ఓ, అట్లనా. మా బావమరిది కొడుక్కూ ఉండాది ఇట్లాంటిదే,” అని, పిల్ల చేతిలో లడ్డు పెట్టి, వంటల దగ్గర ఎవర్నో కేకలేసుకుంటూ పోయాడు. తాళి కట్టేటప్పుడు మేళం ఒక్కసారిగా లేచింది. నా కూతురు చెవులు రెండూ మూసుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకు నేను మురిసిపోయాను. అమ్మ తల వంచుకుని అక్షింతల పళ్లెం సర్దుతోంది. ఏ మాట బయటికి వస్తే పెళ్లి ఆగుతుందని నా బిడ్డ బంగారు కాలం అంతా దాచారో, ఆ మాటకు పెళ్లిలో ఒక లడ్డు కాలం కూడా పట్టలేదు.

నా కూతురికి మాటలు వచ్చాయి. ఆలస్యంగా, మొరటుగా, కొన్ని అక్షరాలు లేకుండా. ‘స’ ఇప్పటికీ సరిగ్గా పలకదు. ముందే పెట్టి ఉంటే పలికేదేమో, పలికేది కాదేమో, ఎవరూ చెప్పలేరు. చెప్పలేకపోవడమే నాకు మిగిలింది. అమ్మతోనూ మామతోనూ నేను మాట మానలేదు, మానేసి ఒక్క గోడ పక్కన బతకలేం. అన్నం పెట్టాను, పెట్టించుకున్నాను. కానీ ఆ రోజు నుంచి ఆయన బయట ఎవరు ఏమన్నారని చెప్పినా, నేను ఇంకొకరిని అడిగి చూసుకున్నాను. అది ఆయనకు తెలుసు. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

తమ్ముడికి కొడుకు పుట్టాడు. వాడు కూర్చోవడం నేర్చిన రోజుల్లో, ఒక సాయంత్రం, నేను పెరట్లో నా కూతురికి పలక మీద అక్షరాలు దిద్దిస్తున్నాను. అమ్మ సందులోంచి వచ్చింది, చంకన మనవడు, చేతిలో తట్ట. పడసాల వైపు పోలేదు. ఇల్లు కట్టడానికి తోలించిన ఇసుక కుప్ప దగ్గరికి పోయి, వాణ్ణి మెత్తటి ఇసుకలో, మాకు వీపు పెట్టి కూర్చోబెట్టింది. తట్ట నా చేతికి ఇచ్చింది.

“నువ్వే కొట్టు,” అంది.

ఆమెకు ఇప్పుడు తెలుసు, ఎక్కడ కూర్చోబెట్టాలో. ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇసుకలో ఆ పసివాడి వీపు, మెడ దగ్గర చెమట పొక్కులు కనపడుతున్నాయి. కొట్టాను.

వాడు తిరిగాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

చప్పుడుకు నా కూతురు కూడా పలక మీంచి తలెత్తింది. అవ్వను చూసి, నన్ను చూసి, “అవ్వ ఏల ఏడుత్తాంది?” అంది.

“అడుగు,” అన్నాను. “అవ్వనే అడుగు.”

అది లేచి, అవ్వ ఎదురుగా పోయి, పెదాలు కనపడేలా కొంగు పక్కకు లాగి, మళ్లీ అడిగింది.